ఒట్టు తీసి గట్టున పెట్టు తల్లీ

ప్రశ్న: నేను గుంటూరులో పదో తరగతి చదువుతున్నాను. జూన్‌లో మా తరగతిలో ఒక అమ్మాయి కొత్తగా చేరింది. వాళ్లది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. ఇక్కడ పిన్ని ఇంట్లో ఉండి చదువుకుంటోంది. తనకు నత్తి ఉంది. లేచి పాఠం చదవమంటే మొదటి మాట దగ్గరే ఆగిపోతుంది. అందరూ నవ్వుతారు. మా సారు ‘తొందరగా కానివ్వు, గంట కొట్టేస్తారు’ అంటారు. తెలుగు పీరియడ్‌లో అందరం కలిసి పద్యం చదివేటప్పుడు మాత్రం తను తడబడదు. పోయిన నెల ఒకబ్బాయి తనలాగా మాట్లాడుతూ వీడియో తీసుకుని మా తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నేను కూడా నవ్వు బొమ్మ పెట్టాను. అప్పటినుంచి తను మధ్యాహ్నం క్యారియర్ విప్పడం లేదు. నిన్న లాడ్జి సెంటర్ వైపు నడిచి వెళుతుంటే ‘నాకు బడికి రావాలని లేదు, అసలు ఉండాలనే లేదు’ అంది. ఎవరికీ చెప్పవద్దని తల మీద చేయి వేయించి ఒట్టు పెట్టించుకుంది. చెబితే ద్రోహం చేసినట్టు కాదా? ఇంకొకటి. మేము నలుగురు స్నేహితురాళ్లం తరగతిలో ఒక పెట్టె పెట్టి, కష్టాల్లో ఉన్నవాళ్లను చీటీలు రాసి వేయమని చెబుదామని అనుకుంటున్నాం. బాగుంటుందా? (పేరు వేయవద్దు, గుంటూరు)

సమాధానం: నీ ఉత్తరం చదివిన వెంటనే, చివర నువ్వు రాసిన నంబరుకు ఫోన్ చేసి మీ అమ్మగారితోనూ నీతోనూ మాట్లాడాను. ‘ఉండాలనే లేదు’ అన్న మాట చదివిన తరువాత అచ్చులో జవాబు వచ్చేదాకా ఆగే హక్కు నాకు లేదు. ఆ సాయంత్రం చెప్పిన మాటలనే నీ అనుమతితో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇలాంటి ఒట్టునే మోస్తూ నిద్ర పట్టక దొర్లుతున్న పిల్లలు మన ఊళ్లో ఇంకా ఉంటారు.

ఫోన్‌లో నువ్వు ఒక మాట అన్నావు. ‘తన తల మీద చేయి వేశానండీ, ఒట్టు తప్పితే తనకే ఏదైనా అవుతుందేమో’ అన్నావు. ఆ భయం నాకు తెలుసు. మన ఇళ్లలో ఒట్టు చిన్న విషయం కాదు. చిన్నప్పుడు మామిడికాయ దొంగిలించలేదని ఒట్టు వేసి, ఆ రాత్రంతా అమ్మ ఊపిరి ఆడుతోందో లేదోనని చూస్తూ పడుకున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. కానీ ఒట్టు వేయించే మన పెద్దవాళ్లే దాన్ని విప్పుకునే దారి కూడా చెప్పారు. ఒట్టు తీసి గట్టున పెట్టు అన్నారు. నీ స్నేహితురాలికి ఏదైనా అయ్యే ప్రమాదం నువ్వు నోరు విప్పడంలో లేదు, విప్పకపోవడంలో ఉంది.

అన్ని రహస్యాలూ బయటపెట్టమని నేను చెప్పడం లేదు. తనకు ఎవరంటే ఇష్టమో, లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయో, మిరపతోట మీద వాళ్ల నాన్నగారికి ఎంత అప్పు ఉందో, ఇవన్నీ నీ కడుపులోనే ఉండాలి. వాటిని దాచగలిగినప్పుడే నిన్ను ఎవరైనా నమ్ముతారు. బతకాలని లేదన్న మాట, తనను తాను గాయపరచుకుంటున్న సంగతి, ఎవరో ఒంటి మీద చేయి వేస్తున్నారన్న సంగతి, ఇంట్లోనో బడిలోనో కొడుతున్నారన్న సంగతి, ఇవి వేరు. పదిహేనేళ్ల పిల్ల ఒక్కతీ మోయగలిగిన బరువులు కావు. వినగానే, ఆ రోజే, ఒక పెద్ద మనిషి చెవిన పడాలి.

ఎలా చెప్పాలన్నదే అసలు కష్టం. వెనకాల వెళ్లి చెప్పకుండా ముందు తనతోనే అనడం మంచిది. పదిమంది మధ్య కాకుండా, ఎదురెదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ కాకుండా, పక్కపక్కన నడుస్తూ చెప్పు. మన పిల్లలకు నడకలో నోరు వచ్చినంతగా కూర్చుంటే రాదు. ‘నిన్న నువ్వు అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆ ఒట్టు నేను నిలబెట్టుకోలేను. మీ పిన్నికి చెబుదాం. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా? ఎలాగైనా నేను పక్కనే ఉంటాను’ అంటే చాలు. రెండు దారులు చూపించి ఒకటి తననే ఎంచుకోనివ్వు. ఇన్ని నెలలుగా ఆ అమ్మాయి చేతిలో ఏదీ లేదు. ఇదైనా ఉండనివ్వు.

తను ఒప్పుకోకపోయినా చెప్పాల్సిందే. ఆ సంగతి కూడా తనకు ముందే చెప్పు.

ఇంకొక భయం గురించి రాయాలి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా’ అని సూటిగా అడిగితే లేని ఆలోచన రేపినట్టు అవుతుందని చాలామంది పెద్దవాళ్లు కూడా అనుకుంటారు. అలా జరగదు. మానసిక వైద్యులందరూ ఈ విషయంలో ఒకే మాట చెబుతారు. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉన్నవాళ్లకైతే, దాచుకున్నది ఎవరో పైకి అన్నారన్న ఊరట కలుగుతుంది. అడిగాక జవాబు చివరిదాకా విను. ‘నీకేం తక్కువ’, ‘అమ్మానాన్నల గురించి ఆలోచించావా’, ‘పిచ్చిమాటలు మాట్లాడకు’ అనే మూడు మాటలూ మన నోటికి సిద్ధంగా ఉంటాయి. ప్రేమతోనే అంటాం. వినేవాళ్లకు మాత్రం తలుపు మూసిన చప్పుడే వినిపిస్తుంది. మధ్యలో తన మాట ఆగిపోతే నువ్వు అందించవద్దు. ఎంతసేపైనా ఆగు.

అవునంటే ఒంటరిగా వదలకు. పెద్దవాళ్లు వచ్చేదాకా పక్కనే ఉండు, లేదా ఎవరినైనా ఉంచు. 14416 నంబరు గుర్తు పెట్టుకో. మనసు బాగోలేనివాళ్లకు ఫోన్‌లో సాయం అందించడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడవచ్చు. బాధలో ఉన్న మనిషే చేయాలని లేదు. ‘నా స్నేహితురాలు ఇలా అంటోంది, నేనేం చేయాలి’ అని నువ్వు కూడా అడగవచ్చు. పిల్లలకు ఇంట్లోనో బడిలోనో హాని జరుగుతుంటే 1098. ఇప్పుడే ప్రమాదం ఉందనిపిస్తే 112. డాక్టరును నేరుగా కలవాలంటే మన గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్లడం పిచ్చికి గుర్తు అని మీ వీధిలో ఎవరైనా అంటే, వాళ్ల మాట పట్టించుకునే సమయం ఇది కాదు.

మొన్న నువ్వు మళ్లీ రెండు వాక్యాలు పంపావు. ‘అమ్మతో కలిసి వెళ్లి వాళ్ల పిన్నికి చెప్పాను. ఇప్పుడు తను నాతో మాట్లాడటం లేదు.’

ఆ రెండో వాక్యం రాయడానికి నువ్వు ఎంత ఏడ్చి ఉంటావో తెలుసు. చేసిన పని సరైనదే. తన కోపం కూడా న్యాయమైనదే. నమ్మి చెప్పుకున్న మాట ఇంటిదాకా వెళితే, అది తన మంచికే అయినా, సిగ్గుతో ఒళ్లు మండుతుంది. ఇప్పుడు నువ్వు సంజాయిషీలు రాసి పంపకు. ‘నీ కోసమే కదా చేశాను’ అని అసలే అనకు. ఆ మాటతో తనను నీకు రుణపడ్డ మనిషిని చేస్తావు. ఎప్పటిలాగే ఉండు. పొద్దున పలకరించు. తలతిప్పుకుంటే తిప్పుకోనివ్వు. రేపు కూడా పలకరించు. కొందరికి రెండు రోజుల్లో కోపం పోతుంది, కొందరికి రెండు నెలలు పడుతుంది. ఎప్పటికీ పోకపోయినా, తను మార్చిలో పరీక్ష రాస్తూ నీ ముందు బెంచీలో కనిపిస్తే అది నీకు చాలదా?

ఇక ఆ నవ్వు బొమ్మ. నీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం దగ్గర సిరా చెదిరి ఉంది. రాసి కొట్టేసి మళ్లీ రాశావు. దాచి ఉంటే నాకు తెలిసేది కాదు, అయినా రాశావు. అందుకే నీకు పొడుగ్గా జవాబు రాయాలనిపించింది. వీడియో తీసిన అబ్బాయి ఒక్కడే. కానీ దాని కింద వరసగా పడిన బొమ్మలను ఆ అమ్మాయి ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని ఉంటుంది. ఎవరెవరు పెట్టారో తనకు ఇప్పటికీ కంఠతా వచ్చి ఉంటుంది. కాబట్టి క్షమాపణ చెప్పు. తన కోపం కొంచెం తగ్గాక, ఒక్కదానివే వెళ్లి, పొట్టిగా చెప్పు: ‘ఆ రోజు నేను కూడా నవ్వాను. తప్పు చేశాను.’ అందరూ పెట్టారని అనకు. క్షమించావా అని అడగకు. చెప్పి వచ్చేయి.

వీడియోను సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ పంపవద్దు. చేతులు మారేకొద్దీ అది మళ్లీ కొత్తగా గుచ్చుతుంది. మీ అమ్మగారిని ప్రధానోపాధ్యాయుల దగ్గరకు వెళ్లమన్నాను. ఆయన ఆ అబ్బాయి తల్లిదండ్రులను పిలిచి, గ్రూపులోంచి, అందరి ఫోన్లలోంచి దాన్ని తీయించాలి. అబ్బాయిని తరగతి ముందు నిలబెట్టి తిట్టవద్దని కూడా చెప్పమన్నాను. ఒకరిని నలుగురిలో నవ్వులపాలు చేయడం తప్పని నేర్పాలంటే, ఇంకొకరిని నలుగురిలో నిలబెట్టి నేర్పలేం.

మీ సారు చెడ్డవారని నేను అనుకోవడం లేదు. గంట కొట్టేలోపు పాఠం ముగించే తొందర నాకు తెలుసు. ఆ తొందరలో నేనేం చేశానో చెబుతాను.

పాతికేళ్ల కిందట ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పేదాన్ని. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. హాజరు పిలిస్తే ‘ప్రెజెంట్ టీచర్’ అనాలి. వాడికి ‘ప’ దగ్గర పెదవులు అతుక్కుపోయేవి. మెడ నరాలు ఉబ్బేవి. కుడిచేత్తో బల్ల అంచు గట్టిగా పట్టుకునేవాడు. ఇవన్నీ నేను తరువాత చూశాను. అప్పట్లో రిజిస్టరు మీంచి తల ఎత్తకుండా, రెండు క్షణాలు ఆగి, జవాబు రాలేదని తరువాతి నంబరుకు వెళ్లిపోయేదాన్ని. ఎదురుగా నిలబడి ఉన్న పిల్లవాడికి గైర్హాజరు వేసేదాన్ని. ఒకరోజు వాడి పక్కన కూర్చునే కుర్రవాడు బయట వరండాలో నా దగ్గరకు వచ్చి, ‘టీచర్, రేపటినుంచి నంబరు పిలిస్తే అందరం చేతులు ఎత్తుతాం టీచర్. గోల లేకుండా ఉంటుంది’ అన్నాడు. స్నేహితుడి పేరు ఎత్తలేదు. నాకూ అప్పుడు అర్థం కాలేదు, సరేనన్నాను. మరునాడు చేతులు చూడాలి కాబట్టి తల ఎత్తాను. వాడి నంబరు వచ్చింది. అందరిలాగే చేయి ఎత్తి, దించి, కూర్చున్నాడు. బల్ల అంచు పట్టుకోలేదు. వరండాలో విన్న మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది.

ఆ కుర్రవాడు చేసినదాంట్లో నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించేది ఒకటుంది. వాడు తన స్నేహితుడికి మినహాయింపు అడగలేదు. తరగతి పద్ధతినే మార్చాడు. మీరు నలుగురూ ఏం చేసినా ఆ దారిలో ఆలోచించండి. ‘పాపం తనకు నత్తి, తనను అడగవద్దు సార్’ అని అందరిముందూ లేచి చెబితే అది ఇంకొక వీడియో పెట్టినంత పని. అదే సారును విడిగా కలిసి, ‘ఒక్కొక్కరం కాకుండా ఇద్దరిద్దరం కలిసి చదువుతాం సార్’ అని అడగండి. ఇందులో ఇంకొక లాభం ఉంది. పద్యం చదివేటప్పుడు తను తడబడదని నువ్వు గమనించావు కదా, అది చాలా విలువైన గమనిక. నత్తి ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పాడేటప్పుడు, ఇంకొకరితో గొంతు కలిపి చదివేటప్పుడు మాట దాదాపు సాఫీగా వస్తుంది. నత్తికి చికిత్స చేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అయితే పక్కన కూర్చుని చదవడానికి తను ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే వేరే ఎవరితో చదువుతావని తననే అడగండి.

నత్తి గురించి మీ తరగతికి తెలిసినది తక్కువ, తెలుసుననుకునేది ఎక్కువ అనిపించింది. నాలుక మందం వల్ల రాదు. పసితనంలో వస సరిగా పోయనందువల్లా రాదు. తెలివి తక్కువై రాదు, అనుకరిస్తే అంటుకోదు. మాటను నడిపించే మెదడు పనితీరులో తేడా అది, చాలాసార్లు వంశంలో ఉంటుంది. చిన్నతనంలో 100 మందిలో 5 గురికి అటూ ఇటుగా కొంతకాలం కనిపించి ఎక్కువమందికి పోతుంది. పెద్దయ్యాక 100 లో ఒకరికి దగ్గరగా మిగులుతుంది. భయం దాన్ని పుట్టించదు కానీ పెంచుతుంది. మీ తరగతి నవ్వినప్పుడల్లా తన తరువాతి మాట ఇంకొంచెం బరువెక్కింది. స్పీచ్ థెరపిస్టు దగ్గర సాధన చేస్తే చాలామందికి బాగా తేలికవుతుంది. వాళ్ల పిన్నిగారికి ఈ సంగతి కూడా చెప్పమని మీ అమ్మగారిని కోరాను. నువ్వు చేయగలిగింది ఒకటే: తను మాట్లాడేటప్పుడు ముఖంలోకి మామూలుగా చూస్తూ ఆగు. ‘నెమ్మదిగా చెప్పు’, ‘ఊపిరి తీసుకో’ అనకు. నెమ్మదిగా చెప్పాలని తనకు తెలియక కాదు కదా.

పెట్టె సంగతికి వస్తాను. ఆలోచన మంచిదే, కానీ ఇప్పుడే వద్దు. చీటీ వేసిన పిల్ల ఆ సాయంత్రం నుంచి ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూస్తుంది. పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంటుంది? రోజూ తెరుస్తారా? పరీక్షల రోజుల్లో, సంక్రాంతి సెలవుల్లో? చదివినవాళ్లు ఏం చేస్తారు? వీటికి జవాబు ఉన్న పెద్ద మనిషి ఒకరు దొరికేదాకా పెట్టె పెట్టవద్దు. తెరవని పెట్టె కన్నా అసలు లేకపోవడమే నయం. ఆ చీటీలు మీ నలుగురి చేతుల్లో పడటం కూడా నాకు ఇష్టం లేదు. అందులో ఎవరి బతుకు ఉంటుందో మీకు తెలియదు.

బడిని అడగాల్సినవి అడగండి, అందుకు మీకు బలం ఉంది. విశాఖపట్నంలో పోటీ పరీక్షకు చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు పైగా విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సిలర్ కనీసం ఒకరు ఉండాలంది. టెలీ మానస్ వంటి సహాయ నంబర్లను అందరికీ కనిపించేలా పెద్దగా రాసి పెట్టాలంది. మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడదీయడం, పదిమందిలో అవమానించడం మానుకోవాలంది. ఏ ప్లస్ సెక్షను, బీ సెక్షను అంటూ పెరిగిన మన ఊరి పిల్లలకు ఆ చివరి మాట విలువ నేను చెప్పనక్కరలేదు. మీ నలుగురూ సంతకాలు చేసి, మీ అమ్మానాన్నల చేత కూడా చేయించి, ప్రధానోపాధ్యాయులకు ఒక కాగితం ఇవ్వండి. కౌన్సిలర్‌ను వేయడానికి సమయం పడుతుందంటే, ముందు 14416 ను మంచినీళ్ల కుళాయిల దగ్గర రాయించమనండి. నోటీసు బోర్డు దగ్గర ఒంటరిగా ఆగి చదువుతుంటే అందరూ చూస్తారు. నీళ్ల దగ్గర ఎవరైనా ఆగవచ్చు.

ఈలోపు మీరు చేయగలిగినది మధ్యాహ్నం భోజనం. తను మెట్ల పక్కన ఒక్కతీ కూర్చుంటుందని ఫోన్‌లో చెప్పావు. నలుగురూ వెళ్లి చుట్టుముట్టకండి, భయపడుతుంది. రోజుకు ఒకరు మీ క్యారియర్ తీసుకుని వెళ్లి అక్కడ కూర్చోండి. తినమని బతిమాలకండి. గోంగూర పచ్చడి ఉంటే మూత తీసి మధ్యలో పెట్టండి. ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు. నీ మీద కోపం ఉంది కాబట్టి మొదటి రోజు నువ్వు వెళ్లవద్దు, మిగతా ముగ్గురిలో ఒకరిని పంపు.

చివరిగా నీ సంగతి. వారం రోజులుగా సరిగా తినడం లేదని మీ అమ్మగారు చెప్పారు. రాత్రి పన్నెండు దాకా ఫోను చేతిలో పట్టుకుని, తను ఆన్‌లైన్‌లో ఉందో లేదో చూస్తున్నావట. అది ఆపు. తొమ్మిది కాగానే ఫోను అమ్మకు ఇచ్చేయి. ఆ వేళకు తన పక్కన పిన్ని ఉంది, 14416 ఉంది. తన ప్రాణానికి కాపలా నువ్వు ఒక్కదానివే అనుకుంటే నువ్వూ కుంగిపోతావు. నీకు దిగులు ఆగకపోతే అదే నంబరుకు నీ కోసం ఫోన్ చేయి.

పిన్నిగారు తనను వచ్చే సోమవారం జీజీహెచ్‌కు తీసుకెళతానన్నారట. తను నిన్ను తోడు రమ్మని పిలిస్తే వెళ్లు. పిలవకపోతే బడికి వెళ్లి, ఆ రోజు చెప్పిన నోట్సు రెండు కాపీలు రాసి ఉంచు.